గడియ పెట్టని గేటు

మేడమీది గది,
సోమవారం

వదినకు,

బాగున్నాను. నువ్వూ బాగున్నావని తలుస్తాను.

ఒక చిన్న సలహా కావాలి. నాకు తెలిసిన ఒక అమ్మాయిని కుక్క కరిచింది. పెద్ద గాయమేం కాదు, కుడిచేతి బొటనవేలు. కుట్లు పడ్డాయి. ఆ అమ్మాయిది చేతులతో చేసే పని, అందుకని కొన్నాళ్లుగా పనికి వెళ్లడం లేదు. ఇలాంటివాళ్లకు చట్టంలో ఏమైనా దారి ఉందా అని అడిగింది. లేకపోతే లేదని రాసెయ్, తను ఏమీ అనుకోదు. ఏదైనా అనుకునే రకం కాదు.

ఫోన్ చేయొచ్చు కదా అంటావు. ఫోన్లో నువ్వు "ఊఁ, చెప్పు" అనగానే నేను చెప్పాలనుకున్నది ఎగిరిపోతుంది.

ఇక్కడ అంతా మామూలే. వాన పడుతోంది. లైబ్రేరియన్ గారు పెద్ద నిఘంటువును మళ్లీ కింద పడేశారు. దాని వెన్ను విరగడం ఇది రెండోసారి. కుట్టాల్సింది నేనే కాబట్టి ఆయన నాకు క్షమాపణ చెప్పారు. నిఘంటువుకు చెప్పలేదు.

అక్షరాలు బాగా లేవు. కలం బాగా లేదు.

నీ మరదలు


కోర్టు ఎదురుగా, సీనియర్ గారి ఆఫీసు,
మెట్ల కింద నా బల్ల

మరదలు పిల్లకు,

కవరు మీద చిరునామా చూసి, ఎవరో ఒకటో తరగతి పిల్లాడు నాకు కేసు అప్పగిస్తున్నాడని సంబరపడ్డాను. కాన్వెంటులో చేతిరాత బహుమతి ఏటా ఇంకొకరికి దక్కనివ్వని దానివి నువ్వు. కలం బాగా లేకపోతే అక్షరాలు పలచబడతాయి. ఇలా గాలివానలో చెట్లలా ఒకే పక్కకు ఒరిగిపోవు. నీకు తెలిసిన ఆ అమ్మాయితో చెప్పు, ఎడమచేత్తో రాసేటప్పుడు కాగితాన్ని కాస్త తిప్పి పెట్టుకోవాలని.

ఎలా ఉందే చెయ్యి? అబద్ధం చెప్పకుండా రాయి. నువ్వు అబద్ధాలు బాగా చెప్పలేవు, శ్రమ తప్ప ఫలితం లేదు.

ఇక సలహా. ముందు ఆసుపత్రి, తర్వాతే నేను. ఇంజెక్షన్లలో ఒక్కటి కూడా మానకూడదు. "కుక్క బాగానే ఉంది కదా, ఇంకెందుకు" అని ఎవరైనా అంటే సరేనని తలూపి, వెళ్లి పొడిపించుకుని రా. డాక్టరు ఇచ్చే కాగితాలన్నీ దాచు. కట్టు మార్చేటప్పుడు గాయాన్ని ఫోటో తీయించు. చూసినవాళ్లు ఎవరైనా ఉంటే వాళ్లతో మంచిగా ఉండు.

ఆ తర్వాత ప్రశ్న ఒక్కటే. కుక్క ఎవరిది? ఎవరిదీ కాకపోతే మునిసిపాలిటీ తలుపు తట్టాలి. పరిహారం ఇప్పించమని అర్జీ పెట్టాలి, వాళ్లు కదలకపోతే కోర్టుకెళ్లి కదిలించాలి. ఓపిక కావాలి. నీకు ఓపిక తప్ప ఇంకేమీ లేదు కాబట్టి ఇబ్బంది లేదు. పెంపుడు కుక్కయితే పని తేలిక. కట్టేయాల్సిన కుక్కను కట్టేయకపోవడం, మూయాల్సిన గేటు మూయకపోవడం, వీటిని మా భాషలో నిర్లక్ష్యం అంటాం. పోలీసులకు ఫిర్యాదు ఇవ్వొచ్చు. వైద్యం ఖర్చు, పోయిన జీతం అడుగుతూ యజమానికి నోటీసు పంపొచ్చు. వినకపోతే దావా వేయొచ్చు. వీటన్నిట్లో నోటీసుకు ఖర్చు తక్కువ, భయం ఎక్కువ. చాలామంది అక్కడే దారికొస్తారు.

యజమాని ఎంత పెద్దమనిషైనా సరే, పేరు రాసి పంపు. ఈ సీనియర్ దగ్గర చేరిన దగ్గర్నుంచి నేను ఆయన ఫైళ్లు మోయడమే తప్ప సొంతంగా ఒక్క కేసూ చూడలేదు. నిన్న నీ సంగతి చెబితే, "కుక్కకాటా? మంచిదేనమ్మా, చిన్నగా మొదలెట్టు" అన్నారు. ఆయన దృష్టిలో నీ బొటనవేలు చిన్నది.

ఇంట్లో అంతా బాగున్నారా అని నేను అడగను. నువ్వూ రాయొద్దు.

వదిన


ఆసుపత్రి వరండా, ఇంజెక్షన్ల వరస

వదినకు,

ఆ అమ్మాయిని నేనే. నీకు ముందే తెలిసింది కాబట్టి ఇది ఒప్పుకోవడం కిందికి రాదు.

జరిగింది ఇది. ఉరుములు మొదలయ్యాయి. కుక్క తెరిచి ఉన్న గేటులోంచి వీధిలోకి పరిగెత్తి, నీళ్ల లారీ కిందికి దూరింది. లారీ వెనక్కి వస్తోంది. డ్రైవరు చెవిలో ఫోనుంది. నేను మెడపట్టీ పట్టుకుని బయటికి లాగాను. ఆ క్షణంలో దాని నోటికి ఏది అందితే దాన్ని కరిచేది. అందింది నా వేలు. కరిచాక ఎవరిదో చూసుకుని, వదిలేసి, నా చెప్పు మీద తల పెట్టి పడుకుంది.

ఇక్కడ వరసలో అందరూ ఒకరినొకరు కుక్క ఎవరిదని అడుగుతారు. నా ముందున్న పెద్దావిడ వాళ్ల అల్లుడి కుక్క అని చెప్పింది. "అల్లుడేమన్నాడమ్మా?" అని వెనకాయన అడిగాడు. "నా కుక్క ఊరికే కరవదు, మీరేమన్నారో చెప్పండి అన్నాడయ్యా" అంది. "మరి మీరేమన్నారు?" "కుక్కనేమీ అనలేదు. వాణ్ణే అన్నాను."

నర్సు నన్ను అడిగింది.

"కరిచిన కుక్క బతికే ఉందా?"

"ఉందండీ."

"దాన్ని కొన్నాళ్లు గమనించాలి. గమనిస్తున్నారా?"

"అదే నన్ను గమనిస్తోందండీ. మెట్లు దిగితే వెంట వస్తోంది."

ఆవిడ నవ్వలేదు. సూది పెద్దదే.

వేలు ఇంకా వంగడం లేదు. సూదిలో దారం ఎక్కించాలంటే బొటనవేలు వంగాలి. అది ఇంతకుముందు నేను గమనించలేదు. లైబ్రేరియన్ గారు నన్ను ప్రస్తుతానికి చీటీలు అంటించే పనిలో పెట్టారు. ఎడమచేత్తో అంటిస్తున్నాను. పుస్తకాలన్నీ కొంచెం వాలుగా కనబడుతున్నాయి.

అసలు సంగతి. మా వీధి సంఘం సెక్రటరీ గారు ఎదురింట్లో ఉంటారు. ఆయన చూశారు. చూసి మునిసిపాలిటీకి రాశారు, వీధిలో మనుషుల్ని కరిచే కుక్క ఉంది, లైసెన్సు లేదు, నాదని చెప్పేవాళ్లూ లేరు అని. విచారణకు తేదీ వేశారు. ఆ రోజు ఎవరూ వచ్చి నాదే అనకపోతే వ్యాన్ వచ్చి తీసుకెళుతుంది. తీసుకెళ్లిన వాటిలో తిరిగొచ్చిన దాన్ని తానైతే చూడలేదని సెక్రటరీ గారే నాకు చెప్పారు. సంతోషంగా కాదు, నీళ్లు ఎప్పుడొస్తాయో చెప్పినట్టు.

కాబట్టి నాకు డబ్బు వద్దు వదినా. దానికి యజమాని ఉంటే చాలు. ఆ యజమాని ఒక పెద్దాయన. ఆయన తనది కాదంటున్నారు.

పేరు తర్వాత రాస్తాను. నా వంతు వచ్చింది.

నీ మరదలు


మెట్ల కింద బల్ల

మరదలా,

బాధితురాలు పరిహారం వద్దనడం మొదటిసారి వింటున్నాను. ఈ మాట ఇంకెక్కడా అనకు, మా వృత్తికే ముప్పు. వేలు వంగకపోతే దానికి వ్యాయామం చేయించే డాక్టర్లుంటారు, వాళ్లు గాలి తిని బతకరు. ఆ ఖర్చు పెట్టాల్సింది ఆ పెద్దాయనే.

తనది కాదంటాడా? కరవనంత కాలం అందరికీ కుక్కలుంటాయి. కరిచిన మర్నాడు ఊళ్లో ఒక్కడికీ కుక్క ఉండదు. నాది కాదన్నంత మాత్రాన కాకుండా పోదు. తిండి పెట్టేదెవరు? అది పడుకునేది ఎవరి గుమ్మంలో? ఎవరి అడుగుల చప్పుడుకు తోక ఊపుతుంది? నువ్వు ఇవి చూసి రాయి, చాలు. ఇలాంటి ముసలాళ్లు నాకు బాగా తెలుసు. నోటితో కాదంటారు, చేత్తో పాలు పోస్తారు.

నోటీసు ముసాయిదా పంపుతున్నాను. పేరు దగ్గర ఖాళీ వదిలాను. చదువు:

"తమరు పెంచుచున్న సదరు కుక్కను కట్టివేయక, సదరు గేటును మూయక, తమరు చూపిన ఘోర నిర్లక్ష్యము వలన నా కక్షిదారు అయిన సదరు యువతి కుడిచేతి బొటనవ్రేలు గాయపడినది. సదరు కుక్క తమది కాదని తమరు చెప్పుచున్న మాట పూర్తిగా అసత్యము. ఒక మూగజీవిని ఇన్నాళ్లు పెంచి, కష్టము వచ్చినప్పుడు నాది కాదనుట మానవత్వమునకే మచ్చ."

చివరి వాక్యం చట్టంలో లేదు. కోపం వచ్చి రాశాను. సీనియర్ గారు కొట్టేయమన్నారు. నేను ఉంచాను.

ఖాళీ నింపి పంపు. వెంటనే పోస్టు చేస్తాను.

వదిన


మేడమీది గది,
సెలవు రోజు

వదినకు,

నోటీసు బాగుంది. ముఖ్యంగా చివరి వాక్యం.

ఖాళీ నింపుదామని కూర్చున్నాను. నింపలేకపోయాను. ఆ ఖాళీలో రాయాల్సిన ఇంటిపేరూ, కింద నీ సంతకంలో ఉన్న ఇంటిపేరూ ఒకటే.

సదరు కుక్క మన జడ్జి.

ముందే రాయాల్సింది. రాస్తే నువ్వు సలహా ఇవ్వవేమో అనుకున్నాను. కనీసం ఇంజెక్షన్ల సంగతైనా తెలుసుకుందామని ఆగాను.

నువ్వు చూడమన్నవి చూశాను. తిండి పెట్టేది మీ నాన్నే, మా మామయ్య. అది పడుకునేది మామయ్య పనిబల్ల కింద, పాత తాళాల పెట్టె పక్కన. తోక ఊపేది కూడా మామయ్యకే, ఒక్కోసారి నాకు. కరిచిన రోజు నన్ను స్కూటరు మీద ఆసుపత్రికి తీసుకెళ్లింది మామయ్యే. బయటే నిలబడ్డాడు. తిరిగొచ్చాక జడ్జి ముందు కూర్చుని, "సిగ్గుందా?" అన్నాడు. అది తల వాల్చింది. ఆ తర్వాత సెక్రటరీ గారు వచ్చి, "కుక్కకి లైసెన్సు తీసుకోండి, గొడవ వదిలిపోతుంది, మీదే కదా" అన్నారు. తాళంచెవి అరగదీస్తున్న మామయ్య చేతిలో ఆకురాయి ఆగలేదు.

"అది నాది కాదు. తెచ్చినవాళ్లు వదిలేసి పోయారు. వాళ్లనే అడగండి."

ఇంకో విషయం. గేటుకు గడియ పెట్టడు. నేను ఇక్కడికి వచ్చిన దగ్గర్నుంచి చూస్తున్నాను. వీధిలోవాళ్ల తాళాలన్నీ బాగుచేసే మనిషి, తన గేటు గాలికి కొట్టుకుంటుంటే విననట్టే ఉంటాడు. ఎందుకని నేను అడగలేదు. నువ్వు వెళ్లకముందు పెట్టేవాడని సెక్రటరీ గారు చెప్పారు.

నోటీసు నా దగ్గరే ఉంది. ఏం చేయమంటావు?

నీ మరదలు


మెట్ల కింద బల్ల

మరదలా,

పంపకు. చించకు కూడా. మంచి ముసాయిదా అది.

జడ్జి ఎవరినీ కరవడు. నువ్వు రాశావు కాబట్టి నమ్ముతున్నాను. వాణ్ణి నేను లా చదివేటప్పుడు తెచ్చాను, అరచేతిలో పట్టేవాడు. ఇద్దరు వాదించుకుంటుంటే ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసి, మధ్యలో నిద్రపోయేవాడు. అందుకే ఆ పేరు.

న్యాయవాదిగా నా అభిప్రాయం రాస్తున్నాను. తెచ్చినవాళ్లు వేరు, పెంచేవాళ్లు వేరు. యజమాని అంటే తిండి, నీడ ఇచ్చి, కాపలా కాసే మనిషి. ఈ లెక్కన జడ్జి ఆయన కుక్కే. నేను నాదని రాసిస్తే అది తప్పుడు వాంగ్మూలం అవుతుంది. ఇక్కడ నా గదిలో మంచం వేస్తే తలుపు తెరుచుకోదు. కుక్కను ఎక్కడ పెట్టుకోను?

"అది నాది కాదు." ఈ మాట ఆయన నోట నేను ఇదివరకు ఒకసారి విన్నాను. అప్పటికి నువ్వు ఆ ఇంటికి రాలేదు. బజార్లో నాన్న షాపు ఉండేది. షాపు సొంతదారు నాన్నకు చిన్నప్పటి స్నేహితుడు. పక్క షాపు దర్జీని ఆయన ఉన్నపళాన ఖాళీ చేయమన్నాడు. దర్జీ నా దగ్గరికొచ్చాడు. నేను కేసు తీసుకున్నాను, గెలిచాను. ఆ మర్నాడే సొంతదారు బజారందరి ముందూ నాన్నను నిలదీశాడు, "నీ కూతురు నన్ను కోర్టుకెక్కిస్తుందా?" అని. నాన్న చేతిలో తాళంచెవుల గుత్తి ఉంది. నా వైపు చూడకుండా అన్నాడు, "అది నాది కాదు" అని. ఆ మాట అన్నా షాపు దక్కలేదు. ఇప్పుడు ఆయన వరండాలో కూర్చుని పని చేయడానికి కారణం నేనే. అది ఆయన అనలేదు. నేనే అనుకుంటాను.

నేను ఇంటి తాళంచెవి బల్ల మీద పెట్టి వచ్చేశాను. విసిరేశానని ఆయన చెప్పుకుంటాడట. పెట్టాను.

ఒకటి గమనించావా? కుక్కను నేను వాడు అంటాను. నన్ను మా నాన్న అది అంటాడు. మా ఇంటి మర్యాదలు అలా ఏడ్చాయి.

వేలు రోజూ వంచుతున్నావా?

వదిన


లైబ్రరీ, బైండింగు గది

వదినకు,

వంచుతున్నాను. డాక్టరు మెత్తటి బంతి ఇచ్చారు, నొక్కమని. మామయ్య అది చూసి, తుప్పు పట్టిన పెద్ద తాళం ఒకటి తెచ్చి నా పళ్లెం పక్కన పెట్టాడు. "పొద్దునా సాయంత్రం తిప్పు. తేలిగ్గా తిరిగిన రోజున నీ వేలు బాగైనట్టు" అన్నాడు. ఇంకా తిరగడం లేదు. నూనె వేద్దామంటే ఒప్పుకోడు.

నీ అభిప్రాయం ఆయనకు వినిపించాను. ఎవరి అభిప్రాయమో చెప్పలేదు, "ఒక లాయరు గారు" అన్నాను. చివరిదాకా విన్నాడు. ఆయన అన్నది అన్నట్టు రాస్తున్నాను: "దాని లా పాయింట్లు దాన్నే దాచుకోమను." ఇందులో మొదటి 'దాని' నువ్వు. రెండోదీ నువ్వే అనుకుంటాను. ఆ వెంటనే, "దానికి అన్నం పెట్టావా?" అన్నాడు. అది జడ్జి. ఆ తర్వాత, "అది సరిగ్గా తింటోందో లేదో" అన్నాడు. అప్పటికి జడ్జి గిన్నె నాకి బోర్లించి ఎదురుగానే పడుకుని ఉంది. కాబట్టి ఆ 'అది' ఎవరో నేను నిర్ధారించలేదు.

వదినా, నీ వాదన సరైనదే. తెచ్చినవాళ్లే బాధ్యులన్న ఆయన వాదన కూడా వినడానికి బాగానే ఉంది. మీరిద్దరూ గెలుస్తారు. జడ్జిని వ్యాన్‌లో ఎక్కిస్తారు. విచారణ వచ్చే వారమే. రాగలవా?

నీ మరదలు


కోర్టు కారిడారు, బెంచీ మీద

మరదలా,

రాలేను. ఆ రోజు సీనియర్ గారి పెద్ద కేసు వాదనకు ఉంది, ఫైళ్లు మోయాలి. ఇది సాకు కాదు. సగం సాకు.

నువ్వే జాగ్రత్తగా నడిపించు. ఆయన్ని తీసుకెళ్లు, కానీ మాట్లాడనివ్వకు. నోరు తెరిస్తే కేసు పాడు చేస్తాడు. అడిగినదానికి అవునో కాదో చెప్పి ఊరుకోమను. ముఖ్యంగా గేటు సంగతి ఎత్తనివ్వొద్దు. తెలిసీ గడియ పెట్టలేదని ఒప్పుకున్నాడంటే నిర్లక్ష్యం ఒప్పుకున్నట్టే, ఆ తర్వాత ఎవరూ కాపాడలేరు.

జడ్జికి స్నానం చేయించు. చూడ్డానికి పెద్దమనిషిలా ఉండాలి.

వదిన


మేడమీది గది,
విచారణ అయిన సాయంత్రం

వదినకు,

నువ్వు చెప్పినట్టే స్నానం చేయించాను. మిగతావేవీ నువ్వు చెప్పినట్టు జరగలేదు.

మునిసిపాలిటీలో రెండో అంతస్తు, కిటికీ మూసుకోని గది. అధికారి ఒకావిడ. ఆవిడకు జలుబు. ఒక పక్క సెక్రటరీ గారు, ఒక పక్క మామయ్య, మధ్యలో నేను. జడ్జి అందరి మొహాలూ ఒకసారి చూసి బల్ల కింద నిద్రపోయింది.

"కుక్క పేరు?"

"జడ్జి అండీ" అన్నాను.

ఆవిడ కలం కింద పెట్టి, ముక్కు తుడుచుకుని, మళ్లీ తీసుకుంది.

"యజమాని ఎవరు?"

"నేను కాదండీ" అన్నాడు మామయ్య.

సెక్రటరీ గారు కుర్చీలో ముందుకు జరిగారు. "పొద్దున్నే గిన్నెలో పాలు పోసేది ఎవరండీ మరి? నేనా?"

"మిగిలినవి పోస్తాను."

"పాలు కొనక ముందే మిగులుతాయా మీకు?"

"మీకెందుకండీ నా పాల గొడవ? మీ కిటికీకి పనేం లేదా?"

"ఉంది కాబట్టే చూశాను. చూడకపోతే ఈ పిల్ల ఒక్కతే వీధిలో రక్తం కారుతూ కూర్చునేది."

ఆవిడ నా వైపు తిరిగి, "నీకేం కావాలమ్మా?" అంది. వదినా, నువ్వు చెప్పమన్నవన్నీ రాత్రి అద్దం ముందు చెప్పుకున్నాను. అక్కడ ఒక్కటీ రాలేదు. "నాకేమీ వద్దండీ. దీన్ని నాదని ఎవరైనా ఒకరు అంటే చాలు" అన్నాను. చాలా చిన్నగా అన్నానట, ఆవిడ మళ్లీ చెప్పమంది. రెండోసారి చెప్పడం మొదటిదానికంటే కష్టం. చెప్పాను.

ఆవిడ మామయ్యను చూసింది. "సరే, కుక్క ఎవరిదో తర్వాత చూద్దాం. గేటు మీదేనా?"

"నాదే."

"గడియ ఎందుకు పెట్టరండీ? పెట్టుంటే ఇదంతా జరిగేదా?"

నేను మామయ్య మోచేయి తాకాను. అవునో కాదో చెప్పమన్నానుగా. ఆ ప్రశ్నకు అవునూ పనికిరాదు, కాదూ పనికిరాదు.

"తాళాల పని చేస్తారని రాశారు ఇందులో. మీకు గడియ పెట్టడం రాదా?"

"వచ్చండీ."

"మరి?"

"అది ఎప్పుడొస్తుందో తెలియదండీ."

"ఏది?"

"వస్తే రావచ్చు, లేకపోతే లేదు. దాని దగ్గర తాళంచెవి లేదు."

ఆవిడ తుమ్మబోయి ఆగింది. "కుక్కకి తాళంచెవి ఎందుకండీ?"

సెక్రటరీ గారు కిటికీలోంచి బయటికి చూశారు. అక్కడ చూడ్డానికి గోడ తప్ప ఏమీ లేదు. ఆ తర్వాత ఆయనే, "మేడమ్, ఆ ప్రశ్న వదిలేయండి" అన్నారు. తన ఫిర్యాదులోది కాదన్నట్టు.

అప్పుడు మామయ్య అన్నాడు, "రాసుకోండి. నాదే."

"ఇందాక కాదన్నారు?"

"కోపంలో అన్నాను. నోరు జారింది. దాన్ని పెంచింది నేను. కరుస్తుంది, నిజమే. ఎవరినంటే వాళ్లను కరుస్తుంది, ముందూ వెనకా చూడదు. అయినా నాదే."

"కుక్క గురించే కదండీ?"

"మీరు కుక్కనే రాసుకోండి."

ఆవిడ రాసుకుంది. లైసెన్సు తీసుకోవాలి. జడ్జికి టీకాలు వేయించాలి. నా వైద్యం యజమానిదే. చివర, "కుక్కను కట్టివేయవలెను లేదా గేటుకు గడియ పెట్టవలెను" అని రాసి మామయ్యతో సంతకం పెట్టించింది. సంతకం పెట్టేటప్పుడు ఆయన 'యజమాని' అన్న మాట మీద కాసేపు వేలు ఉంచాడు.

మెట్లు దిగేటప్పుడు సెక్రటరీ గారు జడ్జి తాడు తను పట్టుకున్నారు. వీధి మొదట్లో మామయ్య నాతో, "ఇవన్నీ ఎవరికీ రాయక్కర్లేదు" అన్నాడు. సరేనన్నాను. నేను అబద్ధాలు బాగా చెప్పలేనని అంటావు కదా. ఈసారి ఆయన నమ్మినట్టే నడిచాడు.

నీ మరదలు


మెట్ల కింద బల్ల

మరదలా,

ఉత్తరం మళ్లీ మళ్లీ చదివాను. వృత్తిరీత్యా.

మాట్లాడనివ్వొద్దన్నాను. మాట్లాడనిచ్చావు. గేటు సంగతి ఎత్తొద్దన్నాను. కేసంతా గేటు మీదే నడిపించావు. పరిహారం వద్దని ఏకంగా అధికారి ముందే అన్నావు, అదీ రెండుసార్లు. ఇంత అధ్వాన్నంగా నడిపిన కేసు ఒకటి గెలవడం నా అనుభవంలో లేదు.

సీనియర్ గారికి చదివి వినిపించాను, ఆ తాళంచెవి దాకా. ఆయన కళ్లజోడు తుడుచుకుంటూ, "ఆ వాక్యంలో 'అది' అంటే ఎవరమ్మా?" అని అడిగారు. సందర్భాన్ని బట్టి తేల్చుకోవాలండీ అన్నాను. "తేల్చుకో. రెండ్రోజులు సెలవు తీసుకో" అన్నారు. ఫైళ్లు ఎవరు మోస్తారని అడగలేదు. నేనూ అడగలేదు.

ఆ నోటీసు ఇప్పుడు చించెయ్. చివరి వాక్యం మాత్రం చదవకుండా చించు.

శనివారం బయల్దేరుతున్నాను. ఆదివారం పొద్దున్నకు అక్కడుంటాను. ఆ ఉత్తర్వులో 'లేదా' అని ఉంది గానీ, రెండూ చేయడం మంచిదని లాయరు గారు అన్నారని చెప్పు. జడ్జిని కట్టేయమను. గేటుకు గడియ పెట్టమను. నాకోసం తెరిచి పెట్టక్కర్లేదు. వచ్చి తడతాను.

వదిన


మేడమీది గది,
బుధవారం

వదినకు,

ఇది కుడిచేత్తో రాస్తున్నాను. నిన్న తాళం తిరిగింది. మామయ్య దాన్ని తీసుకుని, కళ్ల దగ్గర పెట్టుకుని, "తుప్పు ఇంకా ఉంది" అన్నాడు. నూనె వేయలేదని తేలాక నాకే తిరిగిచ్చాడు.

నీ ఉత్తరం వస్తుందేమోనని చూస్తున్నట్టు, వారం నుంచీ పని లేనప్పుడు కూడా వరండాలోనే ఉన్నాడు. అందాక, నువ్వు చెప్పిన రెండూ ఒక్క మాట పొల్లుపోకుండా చెప్పాను. లాయరు గారు అన్నారని చెప్పాను. లాయరు గారు ఎప్పుడొస్తారని అడిగాడు. ఆదివారం అన్నాను.

జడ్జిని కట్టేశాడు. కొత్త గొలుసు, కొత్త తాళం, తనే చేశాడు.

గేటుకు గడియ పెట్టలేదు.

నీ మరదలు